అటూ ఇటూ కాని జెల్ల

"ఆ ముల్లు గుచ్చుకుందంటే చెయ్యి మోచేతిదాకా వాచిపోద్ది, చెప్తున్నా. రావమ్మ మరిదికి అట్టాగే చీము పట్టింది. వేలు తీసెయ్యాలంటే ఏం చేస్తావే? పెళ్ళి కావాల్సిన పిల్లవి."

సిద్రా ఇంకా బేసిన్‌లో చెయ్యి పెట్టనే లేదు. డ్రెస్సు చేతులు మోచేతుల పైకి మడుచుకుంటూ నవ్వింది. మెట్టు మీద చేపల బుట్ట ముందేసుకుని కూర్చున్న రావమ్మ కూడా నవ్వింది.

"ఏందక్కా, పిల్ల నీళ్ళు ముట్టుకోకముందే వేలు తీయించేశావు! మా మరిదికి వాచింది జెల్ల ముల్లుకి కాదు. తాగి గట్టు మీంచి పడ్డాడు."

"పడ్డప్పుడు చేతిలో జెల్ల ఉంది గదా," అంది ముబీనా పట్టు వదలకుండా.

భవానీపురం రేవులో అప్పుడే వెలుగు వస్తోంది. ఎగువన ఎక్కడో పడ్డ వానలకి కృష్ణ ఎర్రగా తిరిగి, మెట్లలో సగం మింగేసి, గుర్రపుడెక్కను గుత్తులు గుత్తులుగా మోసుకొస్తోంది. ముబీనా కళ్ళకి ఆ నీళ్ళలో ఎప్పుడూ ఎవరి పిల్లో ఒకరు కాలు జారి పడిపోతూనే ఉంటారు. అందుకే కూతురి చున్నీ కొస తన చేతికి ఓ చుట్టు చుట్టుకుని నిలబడింది. పొట్టిగా, కాస్త ఒళ్ళుగా ఉండే మనిషి. బురఖా అంచు తడవకుండా ఎత్తి పట్టుకుంది. వేళ్ళు మాత్రం ఆ ఒంటివి కానట్టు తెల్లగా, గరుగ్గా, కొసలు చిట్లి ఉంటాయి. బెజవాడలో ఓ కాలేజీ జువాలజీ విభాగంలో ఆమె అటెండరు. చేపలు పాడవకుండా వాటిని ఫార్మలిన్‌లో నిలవ ఉంచే పని ఏళ్ళ తరబడి చేసి ఆ వేళ్ళు అలా అయిపోయాయి.

రావమ్మ వాళ్ళ కోసం జెల్లల్ని ప్రాణాలతో వేరుగా ఉంచుతుంది. ఆ రేవులో అందరికీ జెల్లలంటే ఒకటే జెల్లలు. పులుసుకి బాగుంటాయి, ముల్లు గుచ్చుకుంటాయి, అంతే. చేపల మీద పరిశోధన చేసే నాగవేణి మేడం కాలేజీకి వచ్చాకే అవి ఒకటి కాదు, రెండు జాతులని ముబీనా విన్నది. రెండింటికీ అదే వెండి ఒళ్ళు, అవే నాలుగు జతల మీసాలు. ఒకదానికి వీపు రెక్క అయిపోయిన చోటే మెత్తటి కొవ్వు రెక్క మొదలై తోకదాకా పాకుతుంది, మీసం కూడా తోక మొదలు దాటిపోతుంది. రెండోదానికి ఆ రెక్కల మధ్య ఎడం ఉంటుంది, మీసం పొట్ట దాటదు.

సిద్రా బేసిన్‌లో చెయ్యి పెట్టి ఒక జెల్లని పట్టుకుంది. చూపుడు వేలూ నడిమి వేలూ రెండు పక్క ముళ్ళ వెనక్కి పోనిచ్చి, బొటనవేలు పొట్ట కింద ఆనించి పట్టుకోవాలి. అప్పుడది ఎంత గిజగిజలాడినా గుచ్చలేదు. ఆ పట్టు సిద్రాకి నేర్పింది ముబీనాయే, ఆ పిల్ల స్కూలు నించి చేపల గదికి వచ్చి కూర్చునే రోజుల్లో. ఇప్పుడు ఎవరడిగినా "మేడం నేర్పారు" అంటుంది.

"నీ కూతుర్ని మొన్న వెనకనించి చూసి 'మేడం గారూ' అని కేకేశానక్కా," అంది రావమ్మ. "అదే నడక. అదే, మెడ ఒక పక్కకి పెట్టడం. ఆవిడకి పిల్లల్లేరంట గదా? జాగర్త తల్లీ, సంచీలో ఏసుకుని పట్టుకెళ్ళిపోద్ది."

"ఊరుకో పిన్నీ," అంది సిద్రా. కానీ ఆ మాటకి దాని ముఖం విప్పారడం ముబీనా చూసింది.

ఈ మూడేళ్ళలో ముబీనా ఇలాంటివి చాలానే చూసింది. డిగ్రీ అయిపోగానే మేడం సిద్రాని తన ప్రాజెక్టులో పెట్టుకుంది. మొదట చున్నీ మారింది. భుజం మీద మడతలు పెట్టి పిన్ను గుచ్చడం మొదలైంది. తర్వాత టీలో చక్కెర మానేసింది, మేడం వేసుకోదు గనక. తర్వాత అన్నం డబ్బా. ముబీనా తెల్లవారుజామున లేచి ఖీమా వండి పెడితే డబ్బా బరువు తగ్గకుండానే ఇంటికొచ్చేది. "మేడం గోంగూర పప్పు తెచ్చారమ్మీ, నాకోసమే తెచ్చారు" అనేది. చేపల పులుసులో ఉప్పెక్కువైందని ఓ రోజు మెల్లగా చెప్పింది, ఆ మెల్లదనం కూడా మేడందే. కూతురు తిట్టి కంచం నెట్టేస్తే ముబీనాకి ఇంత బాధ ఉండేది కాదు.

ఆ వానల మొదట్లో మేడం ఒక మాట అంది. ఉన్న జెల్లల కండ ముక్కలు పట్టుకుని తను లక్నోలో ఉన్న పెద్ద ల్యాబుకి వెళ్తుంది. అదంతా ఒక్క మనిషి చేసే పని. కానీ ఈలోగా అటూ ఇటూ కాని జెల్ల ఒక్కటి దొరికితే, రెక్క ఒక జాతిదీ, మీసం ఇంకో జాతిదీ ఉన్నది దొరికితే, మొత్తం మొదటినించీ కొలుచుకోవాలి. "అప్పుడు ఇద్దరం కావాలి. నిన్నూ తీసుకెళ్తా సిద్రా, ఆర్నెల్లు" అంది.

అప్పట్నించీ సిద్రా రోజూ రేవుకి పరిగెత్తి బేసిన్లు తిరగేస్తోంది. ముబీనా రోజూ పక్కన నిలబడి, అలాంటిది పుట్టి ఉండకూడదని అల్లాని వేడుకుంటోంది. లక్నో చలికి పిల్లలు నిద్రలోనే బిగుసుకుపోతారని ఎవరో చెప్పారు. రైల్లో బిస్కెట్లలో మత్తు పెడతారని ఇంకెవరో చెప్పారు. చెప్పనివి ముబీనా తనే ఊహించుకుంది. ఆటో నడిపే భర్త ఖయ్యూమ్‌కి ఇవన్నీ వరసగా చెబితే, "నీకు భయం లక్నో అంటే కాదులే, ఆ మేడం అంటే" అని నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం బండికి మేడం వెళ్ళిపోతుంది. ఇదే ఆఖరి బేసిన్. ముబీనా మనసులో అప్పటికే సగం రోజు గడిచిపోయింది.

"అమ్మీ," అంది సిద్రా.

గొంతు వేరుగా ఉంది. నిజంగానే గుచ్చుకుందనుకుని ముబీనా గబుక్కున వంగింది. సిద్రా అరచేతిలో జానెడు లేని జెల్ల మెరుస్తోంది. వీపు రెక్క ఆగిన చోటే కొవ్వు రెక్క మొదలైంది, మధ్యలో వెంట్రుక పట్టే సందు లేదు. మీసం మాత్రం పొట్ట సగంలోనే ఆగిపోయింది. విరిగింది కాదు, తెగింది కాదు. కొస సన్నగా, నిండుగా, పుట్టుకతోనే అంతే ఉన్నట్టుంది.

"ఇదే గదా అమ్మీ? ఇదే గదా?"

ముబీనా జవాబు చెప్పేలోపే సిద్రా తడి చేత్తోనే సెల్‌ఫోన్ తీసింది. "మేడం!" అంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. చేప ముబీనా చేతిలో మిగిలింది. దానిని పారేయడానికి నది అడుగు దూరంలో ఉంది. కానీ రావమ్మ చూస్తోంది.

"దొరికిందా ఏంది, మీకు కావాల్సింది?" అంది రావమ్మ.

"దొరికింది," అంది ముబీనా.

* * *

చేపల గది కాలేజీ వెనక వైపు, వాటర్ ట్యాంకు పక్కన ఉంటుంది. తలుపు తీయగానే కళ్ళు మండుతాయి. గోడ పొడుగునా బీరువాల్లో గాజు సీసాలు, సీసాల్లో తలకిందులుగా చేపలు. కొత్తవాళ్ళు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. ముబీనా పెట్టుకోదు. ఆ వాసన తన ఒంటిదో గదిదో ఆమెకిప్పుడు తెలీదు.

ఆ గదిలో పనికి ఒక వరస ఉంది. ముందు రెక్కలు విప్పి, థర్మోకోల్ మీద పిన్నులతో ఆపి, ఎడమ పక్క ఫొటో తీస్తారు. తర్వాత కుడి పక్కనించి వేలిగోరంత కండ కోసి, చిన్న సీసాలో స్పిరిట్లో వేస్తారు. ఎడమ పక్క ఎప్పటికీ ముట్టుకోరు, అది కళ్ళతో చూసేవాళ్ళ కోసం. అన్నిటికన్నా చివర ఫార్మలిన్. ఆ మందు ఒంటిని ఏళ్ళకేళ్ళు నిలబెడుతుంది గానీ, కండలో చదవాల్సిన దాన్ని చెడగొడుతుంది. అందుకే కండ తీయకుండా ఏ చేపా ఫార్మలిన్‌లో పడకూడదు. ఈ మాట మేడం గోడ మీద కాగితం రాసి అంటించక్కర్లేకపోయింది. ముబీనా ఏనాడూ తప్పలేదు.

ఆ చదవాల్సినది ఏంటో ఒకసారి మేడమే చెప్పింది. రెండు జెల్లల్ని ట్రేలో పక్కపక్కన పెట్టి, "చూడండి ముబీనా, ఈ రెండూ అక్కచెల్లెళ్ళనుకుంటాం. ఒకే నీళ్ళలో ఉండి, ఒకే తిండి తిని, ఒకదానిలా ఒకటి తయారవుతాయి. ఒంటిని చూసి మనం మోసపోతాం. కండలో డీఎన్ఏ ఉంటుంది, అది మాత్రం ఏ నీళ్ళలో పెరిగినా తల్లి ఇచ్చిందే, తండ్రి ఇచ్చిందే" అంది.

"అయితే పోలిక అబద్ధమా మేడం?"

"అబద్ధం కాదు. సగమే చెప్తుంది."

మేడం ఆ మాట ధైర్యం చెప్పడానికి అనలేదు, ముబీనాకి ధైర్యం రానూ లేదు. సిద్రా ముక్కు తనది. చెవి వెనక పుట్టుమచ్చ తన తల్లిది. కండలో ఉన్నదంతా తనదీ ఖయ్యూమ్‌దీ. అయినా మూడేళ్ళుగా ఆ పిల్ల ఏ నీళ్ళలో ఈదుతోందో, ఎవరిలా తయారవుతోందో రేవులో చేపలమ్మే మనిషికి కూడా కనపడుతోంది. రక్తం తనదైతే ఏం చేసుకోను, అనుకుంది. రక్తం వచ్చి పక్కన కూర్చుని అన్నం తింటుందా?

సిద్రా హడావుడిగా కండ వేసే ఒక చిన్న ఖాళీ సీసా మీద నంబరు రాసి స్టాండులో పెట్టింది.

"నేను ఐసు ఫ్యాక్టరీకెళ్ళి ప్రయాణం పెట్టెకి ఐసు తెస్తా. మేడం అటే వస్తున్నారు, కలిసి వస్తాం. నువ్వు రెక్కలు విప్పి పిన్నులు గుచ్చి, ఫొటో తీసి, ట్రేలో ఉన్న ఐసు మీద పెట్టి ఉంచు. కండ మేడం వచ్చాకే. ఫార్మలిన్ మాత్రం దగ్గరికి రానీకు అమ్మీ."

"నాకు చెప్తున్నావా?"

"అయ్యో, ఊరికే అన్నా."

గుమ్మం దాటగానే దాని ఫోను మోగింది. వరండాలోనే ఆగి మాట్లాడింది. ముబీనా పిన్నులు ఏరుకుంటూ విన్నది.

"తత్కాల్‌లో టికెట్ దొరికిందా మేడం? ... మీ రూములోనే ఉంటాగా, నాకెందుకు హాస్టలు! ... మీరు వండితే నేను గిన్నెలు తోముతా. ... అమ్మీయా? నేను చెప్తాలెండి. భయపడుద్ది. నాలుగు రోజులుంటే అదే సర్దుకుంటది."

నవ్వు. తర్వాత చెప్పుల చప్పుడు, అది కూడా పోయింది.

ముబీనా చేపని థర్మోకోల్ మీద పడుకోబెట్టింది. వీపు రెక్క మొదటి ముల్లుని పిన్నుతో పైకి లాగి ఆపింది. తోక రెక్కని విసనకర్రలా విప్పింది. మీసాల్ని తడి కుంచెతో ఒక్కొక్కటీ విడదీసి పరిచింది. అంత అందంగా ఏ చేపనీ ఎప్పుడూ పరచలేదు. ఫొటో తీసింది. కెమెరా పక్కన పెట్టింది.

సర్దుకుంటది. పెంపుడు పిల్లి గురించి అన్నట్టు.

సిరంజి ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలీలేదని తర్వాత అనుకోవచ్చు గానీ, ఆమెకి తెలుసు. బీరువా తీసింది. ఫార్మలిన్ సీసా మూత తిప్పింది. మందు లోపలికి లాగింది. బుడగ పోయేదాకా సూది పైకి పట్టుకుని తట్టింది, ఎప్పట్లాగే. పొట్టలో పొడిచింది. తర్వాత కుడి పక్క కండలో, ఎక్కడ కోయాలో సరిగ్గా అక్కడ. ఇంకా చాలదనిపించి తోక దగ్గర కూడా. చేప ఒళ్ళు సూది చుట్టూ తెల్లబడి బిగుసుకుంది. దారంతో చీటీ కట్టి, సీసాలో దించి, మూత బిగించింది. సీసా తుడిచి బల్ల మీద పెట్టింది.

ఆ తర్వాత భయాలు వరసగా వచ్చాయి. కాంట్రాక్టు ఉద్యోగం. మేడం ప్రిన్సిపాల్‌కి చెబితే ఈ రోజే ఆఖరు. పోలీసులు కూడా వస్తారేమో, ప్రభుత్వం ప్రాజెక్టు గదా. సబ్బుతో చేతులు కడిగింది. వాసన పోలేదు. మళ్ళీ కడిగింది. ఎండ కిటికీ దాటి నేల మీదికి దిగినా వాళ్ళు రాలేదు. రోడ్డు మీద ఏ బస్సయినా గుద్దిందేమో అని కొత్త భయం పట్టుకునే వేళకి వరండాలో రెండు నవ్వులు వినపడ్డాయి. ఏది కూతురిదో, ఏది మేడందో ఒక్క క్షణం ముబీనాకి తెలీలేదు.

"ఏదీ, మన మహారాణి ఎక్కడ?" అంటూ వచ్చింది నాగవేణి మేడం. సన్నగా పొడుగ్గా, కాటన్ చీరలో, జడలో తెల్ల వెంట్రుకలు దాచుకోని మనిషి. ఐసు ట్రే వైపు చూసింది. అక్కడ ఐసు కరిగిన నీళ్ళున్నాయి. బల్ల మీది సీసా వైపు చూసింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుగులో తిప్పింది. కుడి పక్క ఎక్కడా కత్తి పడలేదు. మూత తీసి, ఫోర్సెప్స్‌తో కండని నొక్కింది. ఉడికిన గుడ్డులా గట్టిగా ఉంది.

"కండ తీశారా ముబీనా?"

ముబీనా నోరు తెరిచింది. పక్కనించి సిద్రా అంది:

"లేదు మేడం. నేనే వేసేశా. వెళ్ళేముందు తొందరలో... కండ తీశాననుకున్నా."

ఆ మాట అంటూ సిద్రా తల్లి ముఖం వైపు చూడలేదు. కడిగి కడిగి ఎర్రబడ్డ ఆమె చేతుల వైపు చూసింది. అంతే.

"నువ్వా?" అంది మేడం. "నువ్వా సిద్రా?"

"అవును మేడం."

మేడం స్టూలు మీద కూర్చుంది. కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది, చాలాసేపు. కేకలేస్తే బాగుండునని ముబీనాకి అనిపించింది. అప్పుడు తన కూతుర్ని వెనకేసుకు రావచ్చు. "పోతే పోయిందిలెండి, ఒక జెల్లే గదా" అనొచ్చు.

"ఇందులో ముక్క కోసినా ఇక చదవడానికేం ఉండదు," అంది మేడం చివరికి. "పోన్లే. చేతులన్న తర్వాత తప్పు చేస్తాయి. ఉన్నవాటితోనే నేనొక్కదాన్నే వెళ్తా." లేచి, వెళ్తూ వెళ్తూ సిద్రా తల మీద చెయ్యి వేసింది. "ఏడవకు."

ఏడుస్తోందా? ముబీనాకి అది కనపడనే లేదు. మేడంకి ముందు కనపడింది. ఇంత జరిగాక కూడా ఆ చెయ్యి తన కూతురి తల మీదే ఉంది. అయినా సిగ్గులేకుండా, వెళ్ళదు, వెళ్ళదు, నా పిల్ల వెళ్ళదు అనుకుంది.

మధ్యాహ్నం ఆటో వచ్చింది. మేడం ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. వాన మొదలైంది, స్టేషన్‌కి రావద్దంది. "అమ్మని జాగ్రత్తగా చూసుకో" అంది సిద్రాతో. ఆటో ట్యాంకు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. సిద్రా గదిలోకి వచ్చి, బల్ల తుడిచి, పిన్నులు డబ్బాలో వేసి, కత్తెరలు ఆరబెట్టింది. స్టాండులో మిగతా సీసాలన్నీ మేడం పట్టుకెళ్ళింది. తన చేతిరాతతో నంబరున్న ఖాళీ సీసా ఒక్కటి మిగిలింది. సిద్రా దాన్ని తీయలేదు, పారేయలేదు. దాని చుట్టూ తుడిచింది.

* * *

బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. కిటికీ మూసేయమంది ముబీనా, జల్లు పడి జలుబు చేస్తుందని. సిద్రా మూసేసింది. వన్ టౌన్ దగ్గర బస్సు ఆగిపోతే, నీళ్ళు నిండి డ్రైనేజీ మూతలు లేచిపోయి ఉంటాయి, చూసి దిగు అంది. సిద్రా చూసి దిగింది. చున్నీకి పిన్ను లేదు. అది ఎప్పుడు తీసేసిందో ముబీనా గమనించలేదు. పొద్దున్న ఉండిందని మాత్రం గుర్తు.

ఇంట్లో దీపం పెట్టే వేళకి వాన తగ్గింది. ఖయ్యూమ్ ఇంకా రాలేదు. ముబీనా వేడివేడిగా అన్నం వార్చి, గుడ్లు పొరటు చేసి, నిమ్మకాయ పచ్చడి తీసింది. అన్నీ దానికి ఇష్టమైనవే. సిద్రా వేసినంతా తింది. ఉప్పు సరిపోయిందా అంటే తల ఊపింది. ఇంకొంచెం వేస్తే అదీ తింది. ఏ మాటా కాదనలేదు. ఇన్నాళ్ళూ ముబీనా కోరుకున్న కూతురు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

"జ్వరమేమన్నా ఉందా? వానలో తడిశావు."

సిద్రా కంచం మీదనించి తలెత్తలేదు.

"మేడం బండి కదిలుంటదా ఈపాటికి? ఒక్కతే ఆడమనిషి... ఎవరన్నా బిస్కెట్లిస్తే తినొద్దని చెప్పాల్సింది."

సిద్రా ఎడమ చేత్తో మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది.

"నా మీద కోపమా బేటా? కోపముంటే తిట్టు. నీ నోటితో ఒక్క మాట తిట్టు. ఇట్టా ఉండబాకు, నాకు గుండె ఆగిపోయేట్టుంది."

పక్కింటి టీవీలో ఏదో సీరియల్ మొదలై, అయిపోయింది. సిద్రా వేళ్ళ మీది మెతుకులు ఎండిపోయాయి. ముబీనా గరిటె పట్టుకుని అలాగే కూర్చుంది.

అప్పుడు సిద్రా తలెత్తింది. ముఖంలో కోపం లేదు, మేడం లేదు. ముబీనా ముక్కు, ముబీనా గడ్డం, ఎదురుగా అద్దం పెట్టినట్టు.

"వచ్చే వానలకి ఇంకోటి దొరుకుద్దిలే అమ్మీ," అంది. "ఆ రోజు మాత్రం నువ్వు గదిలో ఉండొద్దు."